రొయ్య తలకాయ చేసిన అమ్మ: ‘లవ్ యాక్చువల్లీ’ మీద ఇరవయ్యేళ్ల మాటలు

2003 నవంబరులో విడుదలైన ‘లవ్ యాక్చువల్లీ’ అనే ఇంగ్లీషు సినిమా మీలో కొంతమంది చూసే ఉంటారు. చూడనివాళ్లకి కూడా ఒక సీను తెలిసే ఉంటుంది. ఒకతను గుమ్మం ముందు నిలబడి, పెద్ద పెద్ద అట్టల మీద రాసుకొచ్చిన మాటలు ఒక్కొక్కటే చూపిస్తూ, నోరు మెదపకుండా ప్రేమ చెబుతాడు. అది రీల్‌గానో, ఎవరో చేసిన పేరడీగానో ఎక్కడో ఒకచోట కంటపడకుండా ఉండదు.

సినిమా కథ చెప్పడానికి కాదు ఇది రాయడం. సినిమా విడుదలైన రోజు నుంచి ఈ రోజుదాకా దాని గురించి జనం అన్న మాటలకి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రని వరసగా పేర్చుకుంటూ వస్తే, ఈ ఇరవయ్యేళ్లలో ఆడవాళ్లు ప్రేమ గురించి, పెళ్లి గురించి ఏం ఆలోచిస్తూ వచ్చారో కూడా కనిపిస్తుందని నాకు అనిపించింది.

ముందు తీసినాయన సంగతి. రిచర్డ్ కర్టిస్ అప్పటికే ఇంగ్లండులో పేరున్న రచయిత. 1994లో ‘ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యూనరల్’, 1999లో ‘నాటింగ్ హిల్’ ఆయన రాసినవే. 2001లో వచ్చిన ‘బ్రిడ్జెట్ జోన్సెస్ డైరీ’ రచనలోనూ ఆయన చెయ్యి ఉంది. ‘లవ్ యాక్చువల్లీ’ ఆయన మొదటిసారి దర్శకత్వం వహించిన సినిమా. ఒకటి కాదు, పది దాకా ప్రేమకథలు కలిపి, క్రిస్మస్‌కి అయిదు వారాల ముందు మొదలుపెట్టి పండగ దాకా నడిపించాడు. మొదటి సీను లండన్ హీత్రో విమానాశ్రయంలో. అక్కడ ఒకరినొకరు వాటేసుకునేవాళ్లు నటులు కారు. మామూలు ప్రయాణికుల్ని దాచిన కెమెరాలతో చిత్రీకరించి, తరవాత వాళ్ల అనుమతి తీసుకున్నారట. మన పిల్లలు విదేశాల నుంచి వచ్చే రోజు శంషాబాద్‌లో గాజుతలుపుల ముందు నిలబడ్డవాళ్లం కదా, ఆ రెండు నిమిషాలు మనకి ఎవరూ వివరించనక్కర్లేదు.

విడుదలైనప్పుడు విమర్శకులు రెండుగా చీలిపోయారు. న్యూయార్క్ టైమ్స్‌లో ఎ.ఓ. స్కాట్ దీన్ని అరగని క్రిస్మస్ పుడ్డింగుతో పోల్చాడు. రోజర్ ఎబర్ట్ మాత్రం నాలుగుకి మూడున్నర నక్షత్రాలిచ్చాడు. అప్పట్లో పెద్దవాళ్ల ఫిర్యాదు ఒకటే: తీపి ఎక్కువైంది, కథలు ఎక్కువయ్యాయి. జనం ఆ మాట పట్టించుకోలేదు. సినిమా ప్రపంచమంతటా కలిపి సుమారు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ముసలి పాటగాడు బిల్లీ మాక్‌గా వేసిన బిల్ నైకి బాఫ్టా అవార్డు వచ్చింది. ఆ బిల్లీ మాక్ పాడే పిచ్చి క్రిస్మస్ పాట వెనక ఒక చమత్కారం ఉంది. ‘ఫోర్ వెడ్డింగ్స్’లో వాడిన పాట 1994లో ఇంగ్లండులో పదిహేను వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. విని విని జనం విసిగిపోయిన అదే పాటని కర్టిస్ ఇక్కడ మాటలు మార్చి ఎగతాళి చేశాడు. తన మీద తనే జోకు వేసుకోవడం ప్రేక్షకులకి బాగా నచ్చింది.

ఆ తరవాతి పదేళ్లూ ఈ సినిమాకి స్వర్ణయుగం. డీవీడీలొచ్చాయి, టీవీల్లో ప్రతి డిసెంబరులోనూ వేశారు. మనకి ‘మాయాబజార్’ ఎన్నిసార్లు వేసినా కూర్చుని చూసినట్టే, వాళ్లు పండగ పూట దీన్ని పెట్టుకుని చూడటం మొదలుపెట్టారు. రాజకీయాల్లోకి కూడా వెళ్లింది. సినిమాలో హ్యూ గ్రాంట్ ఇంగ్లండు ప్రధాని డేవిడ్. తన ఆఫీసులో పనిచేసే నటాలీ మీద అమెరికా అధ్యక్షుడు చెయ్యి వెయ్యబోవడం చూసి, విలేకరుల ముందు ఆ అధ్యక్షుణ్ణి కడిగేస్తాడు. ఇరాక్ యుద్ధం రోజులవి. అసలు ప్రధాని టోనీ బ్లెయిర్ 2005లో తన పార్టీ మహాసభలో ఈ సీను ప్రస్తావించక తప్పలేదు. హ్యూ గ్రాంట్‌లా నేనూ అమెరికాని నాలుగు మాటలంటే బాగుండునని మీకుంటుంది, కానీ నిజజీవితంలో మర్నాడు అనేది ఒకటి ఉంటుంది కదా అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మర్నాడు గురించిన మాట దేశాలకే కాదు, కాపురాలకీ వర్తిస్తుంది. దాని సంగతి తరవాత చెబుతాను.

మన దేశంలోకి ఇది 2007లో ‘సలామ్-ఎ-ఇష్క్’ రూపంలో వచ్చింది. నిఖిల్ అద్వానీ తీసిన ఆ హిందీ సినిమా దీని ప్రేరణతోనే అని అందరూ అన్నారు. ఆరు జంటలు, మూడున్నర గంటలు. పెద్ద పెద్ద తారలున్నా అనుకున్నంతగా ఆడలేదు. అందులో పెళ్లయి పిల్లలున్న అనిల్ కపూర్ వేరే అమ్మాయి వైపు మొగ్గి, చివరికి భార్య దగ్గరికే వచ్చేస్తాడు. మన సినిమాల్లో భర్త ఇంటికి తిరిగి రావడంతో ఆ కథ అయిపోయినట్టే లెక్క. ఇంగ్లీషు సినిమాలో కూడా అతను ఇంట్లోనే ఉంటాడు, కానీ కథ అక్కడితో అయిపోదు. ఇరవయ్యేళ్లుగా జనం వాదించుకుంటున్నది ఆ ‘అయిపోకపోవడం’ గురించే.

2013లో, సినిమాకి పదేళ్లు నిండినప్పుడు, గాలి మారింది. అట్లాంటిక్ పత్రికలో క్రిస్టొఫర్ ఓర్ అనే విమర్శకుడు ఇది ప్రేమ సినిమానే కాదని పెద్ద వ్యాసం రాశాడు. ఆయన వాదన ఆలోచించదగ్గది. ఈ కథల్లో మొదట చూపు పడుతుంది, చివర్లో పరుగెత్తుకెళ్లి ప్రేమ చెబుతారు. మధ్యలో కూర్చుని మాట్లాడుకోవడం, ఒకరి స్వభావం ఒకరికి తెలియడం, గొడవపడి సర్దుకోవడం ఏమీ ఉండదు. జెజెబెల్ అనే ఆడవాళ్ల వెబ్ పత్రికలో లిండీ వెస్ట్ ఇంకా ఘాటుగా రాసింది. ఈ సినిమాలో మగవాళ్లు ప్రేమించే ఆడవాళ్లకి నోరే లేదంది. రచయిత జేమీగా వేసిన కోలిన్ ఫర్త్ ఫ్రాన్స్‌లో తన ఇంటి పని చేసే పోర్చుగీసు అమ్మాయి ఒరేలియాని ప్రేమిస్తాడు. ఇద్దరికీ కలిసే భాషే లేదు. అట్టల కుర్రాడు మార్క్ ప్రేమించేది స్నేహితుడి భార్య జూలియట్‌ని. ఆమెతో అతను సరిగ్గా మాట్లాడినదే లేదు.

ఈ రెండు వ్యాసాలకీ పెద్ద దుమారం రేగింది. ఏటా చూసుకునే పండగ సినిమాని ఇలా చీల్చి చెండాడతారా అని కొందరు, ఇన్నాళ్లకి నా మనసులో మాట ఎవరో చెప్పారని కొందరు. అప్పటినుంచి ప్రతి డిసెంబరులోనూ సినిమాతో పాటు ఆ సినిమా మీద గొడవ కూడా ఒక ఆనవాయితీ అయింది.

2017 చివర్లో ‘మీ టూ’ ఉద్యమం వచ్చాక కొత్త తరం ఇంకో సంగతి పట్టుకుంది. ప్రధానీ, ఆయన సిబ్బందిలోని నటాలీ. రచయితా, ఇంటి పనిమనిషీ. ఆఫీసు పెద్ద హ్యారీ, అతని సెక్రటరీ మియా. మూడు కథల్లోనూ మగవాడు యజమాని, ఆడది అతని దగ్గర జీతగత్తె. అధ్యక్షుడు తప్పుగా ప్రవర్తిస్తే ప్రధాని ఉపన్యాసం ఇచ్చి చప్పట్లు కొట్టించుకున్నాడు, సరే. ఆ తరవాత నటాలీనే వేరే పనికి మార్పించేశాడు! 2003లో ఆ ఉపన్యాసానికి ఈలలు వేసినవాళ్లలో ఎంతమంది ఈ బదిలీని గమనించి ఉంటారు? పైగా చూడచక్కగా ఉన్న ఆ పిల్లని సినిమా పొడుగునా లావు, లావు అంటూ ఎగతాళి. ఆడపిల్లలున్న ఇళ్లలో అది ఎంత లోతుగా దిగుతుందో మనకి తెలుసు.

అట్టల సీను సంగతి మరీ విడ్డూరం. ఒకప్పుడు ఇంతకన్నా రొమాంటిక్ సీను లేదన్నారు. 2019 ఎన్నికల్లో బోరిస్ జాన్సన్ పార్టీ ఆ సీనునే పేరడీ చేసి ఓట్లడిగింది. అంటే అది అంత ఇంటింటికీ తెలిసిన బొమ్మ. ఇప్పుడు అదే సీను చూసి, లోపల భర్త టీవీ చూస్తుంటే గుమ్మంలో అతని ప్రాణస్నేహితుడు వచ్చి ఇదేం పని అంటున్నారు. ఆ కుర్రాడి వేషం వేసిన ఆండ్రూ లింకన్‌కీ, జూలియట్‌గా వేసిన కీరా నైట్లీకీ కూడా అప్పట్లోనే అది కొంచెం వెంటపడి వేధించడంలా ఉందేమోనన్న అనుమానం వచ్చిందని తరవాత చెప్పారు. షూటింగ్ నాటికి కీరాకి పదిహేడేళ్లేనట.

తీసినవాళ్లు ఈ మాటలు విన్నారా? విన్నారు, అదే నాకు నచ్చింది. 2022లో ఇరవయ్యేళ్ల సందర్భంగా అమెరికా టీవీలో వచ్చిన కార్యక్రమంలో, అన్ని రకాల మనుషులకీ సినిమాలో చోటివ్వకపోవడం ఇప్పుడు తనకి ఇబ్బందిగా ఉందని కర్టిస్ ఒప్పుకున్నాడు. నిజానికి ఒక బడి హెడ్‌మిస్ట్రెస్, జబ్బుతో మంచాన పడ్డ తన జీవన సహచరిని చూసుకునే కథ కూడా తీశారు. నిడివి ఎక్కువై కత్తిరించేశారు. 2023లో చెల్టెన్‌హామ్ సాహిత్యోత్సవంలో సొంత కూతురు స్కార్లెట్ వేదిక మీద ప్రశ్నలడుగుతుంటే, ఆ లావు జోకులు వెయ్యకుండా ఉండాల్సిందన్నాడు. తండ్రి రాతని కూతురు ప్రశ్నించడం, తండ్రి నిజమేనమ్మా అనడం! మన ఇళ్లలో భోజనాల దగ్గర ఇలాంటిది ఎప్పుడన్నా జరుగుతుందా అని అనుకున్నాను.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ కాలంతో పాటు తిరగబడ్డ అభిప్రాయాలు. తిరగబడనిది ఒక్కటి ఉంది. మెచ్చుకున్నవాళ్లూ తిట్టినవాళ్లూ కలిసి, ఇది మాత్రం నిజం అన్నది కరెన్ కథ.

కరెన్‌గా ఎమ్మా థాంప్సన్, భర్త హ్యారీగా అలన్ రిక్‌మన్. ఇద్దరు పిల్లలు. క్రిస్మస్ ముందు భర్త కోటు జేబులో బంగారు గొలుసు కనిపిస్తుంది, గుండె ఆకారం బిళ్లతో. తనకేనని మురిసిపోతుంది. బహుమతులు విప్పే వేళ తన చేతికొచ్చిన పొట్లంలో గొలుసు లేదు, జోనీ మిచెల్ పాటల సీడీ ఉంది. అంటే గొలుసు ఇంకెవరికో వెళ్లింది. ఒక్క నిమిషం అని చెప్పి పడకగదిలోకి వెళ్లి, ఆ పాట పెట్టుకుని, నిలబడి ఏడుస్తుంది. తరవాత కళ్లు తుడుచుకుని, మంచం మీద దుప్పటి ముడతలు సరిచేసి, నవ్వు మొహంతో పిల్లల దగ్గరికి వచ్చి, బడిలో నాటకానికి బయల్దేరదీస్తుంది. అంతే సీను. గట్టిగా అరిచిందీ లేదు, వస్తువులు విసిరిందీ లేదు.

ఆ దుప్పటి సరిచెయ్యడం గురించి ఈ ఇరవయ్యేళ్లలో ఆడవాళ్లు మాట్లాడినంతగా ఆ సినిమాలో ఇంకే సంగతి గురించీ మాట్లాడలేదేమో అనిపిస్తుంది. గుండె పగిలినా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. మొదటి పెళ్లి చెదిరిపోయిన రోజుల్లో తనకి ఆ ఏడుపు బాగా అలవాటేనని, ఏడ్చి మళ్లీ మామూలుగా బయటికి రావడం తనకి తెలిసిన పనేనని ఎమ్మా థాంప్సన్ 2018లో చెప్పింది.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. కరెన్ ప్రధానమంత్రికి స్వయానా చెల్లెలు. అన్న దేశం తరఫున నిలబడి అమెరికాని ఎదిరించిన రోజున తను ఏం చేసిందంటే, కూతురి నాటకం కోసం కాగితపు గుజ్జుతో పెద్ద సముద్రపు రొయ్య తలకాయ తయారుచేసింది. ఏసుప్రభువు పుట్టిన చోట రొయ్యలేమిటని మొదట తనే ఆశ్చర్యపోయింది కూడా! అన్న గొప్పపనీ తన రొయ్య తలకాయా పక్కపక్కన పెట్టి ఆమె తనమీద తనే నవ్వుకుంటుంది. ఆ నవ్వు మనలో ఎంతమందికి తెలియనిది? ఏం చేస్తుంటారండీ అని ఎవరన్నా అడిగితే ‘ఏం లేదండీ, ఇంట్లోనే’ అని మనం నవ్వే నవ్వు అదే.

మా ఇంట్లో ఈ సినిమా మూడు తరాలవాళ్లం చూశాం. డిగ్రీ చదివే మా అమ్మాయికి కరెన్ మీద కోపం. మర్నాడే పెట్టె సర్దుకోవాలి కదమ్మా, వాడితో ఇంకా ఏం మాటలు అంటుంది. నాకు సారా కథ దగ్గర ఎక్కువ బాధ కలిగింది. సారాకి మానసిక ఆరోగ్యం బాగాలేని తమ్ముడు ఉంటాడు. ఎన్నాళ్లుగానో ఇష్టపడ్డ మనిషి ఎదురుగా ఉన్నా, తమ్ముడి ఫోను మోగితే తియ్యకుండా ఉండలేదు. సినిమా ఆమెకి సుఖాంతం ఇవ్వలేదు. సేవ చేసే ఆడదానికి ప్రేమ రాసిపెట్టి లేదా అని ఇప్పటికీ అడుగుతారు ప్రేక్షకులు. మా అత్తయ్యగారు మాత్రం కింద వచ్చే అక్షరాలు చదవలేక నన్ను అడిగి అడిగి కథ చెప్పించుకుని, కరెన్ ఏడ్చే చోట ఒకే ఒక్క ప్రశ్న వేశారు: ‘ఆ పిల్లకి పుట్టిల్లు దగ్గరేనా?’

ఆ ప్రశ్నకి సినిమాలో జవాబు ఉంది, అది నవ్వొస్తూనే గుచ్చుకునే జవాబు. అదే సాయంత్రం బడి నాటకం దగ్గర కరెన్‌కి హఠాత్తుగా అన్న ఎదురుపడతాడు. ఇలాంటి వేడుకలప్పుడల్లా అతని సెక్రటరీకి కబురు పెడుతూనే ఉంటుందట, ఎప్పుడూ రాడు. ఈసారి వచ్చాడని పొంగిపోయి వాటేసుకుంటుంది. అతను వచ్చింది చెల్లెలి కోసం కాదు, నటాలీ కోసం. ఆ సంగతి ఆమెకి తెలియదు, ఆమె గుండెలో ఉన్నది అతనికి తెలియదు. తనకున్న ఒక్క అన్న దేశాన్ని ఏలుతున్నాడు, అయినా ఆ రాత్రి ఆమెకి చెప్పుకునే దిక్కు లేదు. అత్తయ్యగారు అది విని, ‘వచ్చినా రానట్టే’ అన్నారు. ఇంగ్లీషు పత్రికల్లో నేను చదివిన వ్యాసాల్లో ఎక్కడా పుట్టింటి ప్రస్తావన లేదు. చూసే కన్ను ఎక్కడినుంచి చూస్తుందో దాన్ని బట్టి కనిపించేది మారుతుంది మరి.

నాటకం అయ్యాక కరెన్ భర్తని నిలదీస్తుంది. నువ్వే నా స్థానంలో ఉంటే ఉంటావా, వెళ్తావా, ఉంటే బతుకు ఇక ఎప్పటికీ కొంచెం తక్కువగానే ఉంటుందని తెలిసి కూడా ఉంటావా అని. అతని దగ్గర క్షమాపణ తప్ప జవాబు లేదు. నెల తరవాత విమానాశ్రయంలో భర్తకి ఎదురెళ్లి, బాగానే ఉన్నానంటుంది. ఆ మాటకి అర్థమేమిటని ప్రేక్షకులు పన్నెండేళ్లు కొట్టుకున్నారు. గొలుసుతోనే ఆగిందా, అంతకు మించి ఏమన్నా జరిగిందా అని కూడా. 2015లో, ఈ సినిమాకి స్క్రిప్ట్ ఎడిటర్‌గా పనిచేసిన, కర్టిస్ జీవన సహచరి ఎమ్మా ఫ్రాయిడ్ ఒక ప్రదర్శన చూస్తూ ట్విట్టర్‌లో జనం సందేహాలు తీర్చింది. అది సరసంతో ఆగలేదని, సరసం దగ్గరే ఆపమని తను రచయితని బతిమాలినా వినలేదని చెప్పింది. భార్యాభర్తలు కలిసే ఉంటారట, కానీ ఇల్లు మునుపటిలా ఉండదట.

2017లో ఛారిటీ కోసం అదే నటులతో చిన్న కొనసాగింపు తీశారు. అందులో కరెన్ కథ లేదు. అలన్ రిక్‌మన్ 2016 జనవరిలో పోయారు. ఆయన లేకుండా ఆ కథ ముట్టుకోవడం తనవల్ల కాదని ఎమ్మా థాంప్సన్ అన్నది. దాంతో కరెన్ ఆ విమానాశ్రయంలోనే, బాగానే ఉన్నానంటూ, మన కళ్లముందు నిలబడిపోయింది.

ఆమె ఉండిపోవడం తప్పా, ఒప్పా? 2003లో ఉత్తమ ఇల్లాలు అన్నవాళ్లున్నారు. 2013 తరవాత పిరికితనం అన్నవాళ్లున్నారు. ఈ రెండు మాటల్లోనూ నాకు ఒకే లోపం కనిపిస్తుంది. రెండూ ఆమెకి మార్కులు వేస్తున్నాయి, మార్కులు వెయ్యవలసింది హ్యారీకి కదా! ఉండేదా వెళ్లేదా అన్న ప్రశ్నలో ఇద్దరు పిల్లల బడి ఉంటుంది, ఇంటి ఖర్చు ఉంటుంది, పుట్టింటి దూరం ఉంటుంది. అవన్నీ లెక్క వేసుకుని ఆమె నిర్ణయించుకుంటుంది. బయటినుంచి చూసేవాళ్లం మనం ఆ లెక్కలో ఒక్క అంకె కూడా మొయ్యం. ఉండిపోయిన ఆడవాళ్లనీ, గడప దాటిన ఆడవాళ్లనీ కూడా మన చుట్టాల్లో చూశాం. ఇద్దరినీ ఊరు వేలెత్తి చూపించింది. వాళ్లని ఆ స్థితికి తెచ్చినవాళ్లు పెళ్లి భోజనాల్లో మొదటి పంక్తిలోనే కూర్చున్నారు.

అందుకే మా అమ్మాయి కోపం చూస్తే నాకు బెంగ లేదు, ధైర్యంగానే ఉంది. పెట్టె సర్దుకునే మాట అంత తేలిగ్గా దాని నోటికి వస్తోందంటే, మా తరానికి లేని వీలు ఏదో దాని లెక్కలో ముందే ఉందన్నమాట. అది చదువూ కావచ్చు, రేపటి ఉద్యోగమూ కావచ్చు, అర్ధరాత్రి ఫోను చేస్తే తీసే అమ్మా కావచ్చు. ఆ చివరిది మాత్రం నా చేతిలో ఉన్న పని. ప్రధానమంత్రినంత తీరికలేనిదాన్ని కాను కదా.

మీరూ ఈ డిసెంబరులో వీలుంటే చూడండి. ఇంట్లో ఆడపిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. కరెన్ దగ్గరికి వచ్చేసరికి వాళ్లేమంటారో మధ్యలో అడ్డుపడకుండా వినండి. వాళ్లేమన్నారో నాకూ రాయండి.